అమ్మ చేతిలో ఎర్ర ముంగిస

ఇల్లందు దగ్గర మన తండా నుంచి,
ఆదివారం సాయంత్రం.

ప్రియమైన బలరాం అన్నకు,

నీ చెల్లెలు భార్గవి నమస్కారాలు. ఇక్కడ అమ్మ, నాన్న, నేను, రెండు మేకలు, పోయిన వారం పుట్టిన దూడ, అందరం క్షేమం. ఆ మంచు కొండ మీద నువ్వూ, నీతో డ్యూటీ చేసేవాళ్లూ క్షేమంగా ఉన్నారన్న నమ్మకంతోనే కాగితం ముందేసుకున్నాను. ఈ మాటలన్నీ ఒక్క గుక్కలో రాసేసి అసలు సంగతిలోకి దూకాలని చెయ్యి లాగుతోంది. కానీ నువ్వడిగిన వాటికి ముందు జవాబు రాయకపోతే అలుగుతావని ఆగుతున్నాను.

వంటింటి రేకులు మార్పించాం. ఈ వానలకు ఒక్క చుక్కా కారలేదు. నాన్నకు ఈ నెలంతా పొద్దుటి షిఫ్టే. బొగ్గు గనిలో డంపర్ నడిపీ నడిపీ నడుము పట్టేస్తోందంటాడు, బెల్టు కట్టుకోమంటే మాత్రం గోడకు తగిలించి పోతాడు. దూడ ఆడదే. మోతీ అని పేరు పెట్టింది అమ్మ. పక్కింటి జంపక్క కూతురి పెళ్లి ఇంకా కుదరలేదు, నువ్వు సెలవు కోసం తొందరపడక్కర్లేదు.

ఇక నీ చివరి ప్రశ్న. చోటు చాలక కాగితం అంచున అడ్డంగా రాశావు చూడు, "నా ముంగిస క్యాసెట్ ఉందా, ఎలుకలు కొట్టేసినయా?" అని. అన్నా, ఉంది! వీడియో గేమ్ డబ్బా ఉంది, క్యాసెట్ ఉంది, రిమోట్లు రెండూ ఉన్నాయి. అటక మీద పాత ట్రంకుపెట్టెలో, నీ స్కూల్ బ్యాగు కింద, దుప్పట్లో చుట్టి ఉన్నాయి. చుట్టింది ఎవరనుకున్నావు? "పొద్దస్తమానం ఆటేనా, పొయ్యిల పడేస్త" అని మనల్ని తిట్టిన అమ్మే.

నువ్వు ఎందుకడిగావో గానీ నీ ప్రశ్న మన ఇంటిని మార్చేసింది. ఎలాగో చెప్తాను.

ఇక్కడి సంగతి నీకు పూర్తిగా రాయలేదు. సరిహద్దులో గొడవ మొదలైన దగ్గర్నుంచి అమ్మ టీవీ ముందు నుంచి లేవడం మానేసింది. పొద్దున లేస్తే వార్తలు, అన్నం తింటూ వార్తలు. తెర కింద ఎర్ర గీతలో పరిగెత్తే అక్షరాలు ఆమెకు చదవడం రాదు కదా, "ఏం రాసిండ్రు, ఏం రాసిండ్రు" అని నన్ను పిలిచేది. కాల్పులు అన్న మాట వినపడితే చాలు, చేతిలో గ్లాసు కింద పెట్టేసి టీవీకి ఇంకా దగ్గరగా జరిగేది. దవాఖానకు తీసుకుపోతే బీపీ చూసిన డాక్టరమ్మ, "ముందు ఇంట్లో ఆ టీవీ బంద్ పెట్టండి" అంది. అమ్మ వింటుందా? ఇంటికి రాగానే మళ్లీ పెట్టింది. "నా కొడుకు కొండ మీద ఉంటే నేను కండ్లు మూసుకుని ఎట్ల కూసుంట?" అంది. నౌకరీ వదిలేసి వచ్చేయమని నీకు రాయమని రోజూ నా వెంట పడింది. నేను రాస్తానని చెప్పి రాయలేదు.

సరిగ్గా అప్పుడే నీ ఉత్తరం వచ్చింది. క్యాసెట్ గురించి చదవగానే నా బుర్రలో దీపం వెలిగింది. ఆ ఆదివారం మధ్యాహ్నం అమ్మ మేకలకు ఆకు వేయడానికి బయటికి వెళ్లినప్పుడు టీవీకి కేబుల్ డబ్బా తీగ పీకేసి వీడియో గేమ్ తీగలు పెట్టేశాను. క్యాసెట్‌లో దుమ్ము పోయేలా ఉఫ్ఫుమని ఊది, బటన్ నొక్కాను. మొదట తెరంతా బూడిద రంగు. ఇంకోసారి ఊది పెట్టాను. గీతలు. మూడోసారికి, అన్నా, ఆ డోలు మోత మోగింది! 'ముంగిస దండు' అని పెద్ద పెద్ద అక్షరాలు, పుట్ట మీద నిలబడి తోకలూపే రెండు ముంగిసలు. ఆదివారం పొద్దున ఆ బొమ్మల సీరియల్ కోసం మనం ముఖాలైనా కడుక్కోకుండా టీవీ ముందు కూర్చునేవాళ్లం. అదే పాట, అవే ముంగిసలు. అరిచేశాను.

అమ్మ చేతిలో ఆకులతోనే పరిగెత్తుకొచ్చింది. "ఏమైంది? వార్తలల్ల ఏమొచ్చింది?"

"ఏం రాలేదు యాడీ," అన్నాను అమ్మతో. "కేబుల్ పోయింది."

ఆమె తెర వంక చూసింది. "గిది బలరాం గాని ఆట కదనే," అంది. చీర కుచ్చిళ్లు దోపుకుని నా పక్కన చాప మీద కూర్చుంది. "ఎర్ర రుమాలుది వాడిది. పచ్చది నీది. వాడు ఆపే బటన్ నొక్కి నిన్ను ఏడిపిస్తుండె." అన్నీ గుర్తే! మనం ఆడుకునేటప్పుడు ఆమె వంటింట్లో ఉండేదనుకున్నాం కానీ ఇటే చూస్తూ ఉండేదట.

నేను ఊరికే అన్నాను, "ఆడతవా యాడీ?" అని. అమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుని నీ రిమోటు తీసుకుంది.

మొదటి రోజు మన ఎర్ర ముంగిస పడ్డ పాట్లు చూడాల్సింది. ముంగిస ఎగరాలంటే అమ్మ కూడా చాప మీద నుంచి ఎగిరేది. తేలు వస్తే రిమోటు వదిలేసి కాళ్లు పైకి ముడుచుకునేది. గద్ద వచ్చి ముంగిసను ఎత్తుకుపోతే మన లంబాడీ భాషలో దాన్ని తిట్టిన తిట్లు రాస్తే ఈ కాగితం సిగ్గుపడుతుంది. జంపక్క గోడ మీంచి తల పెట్టి, "ఎవరితోని కొట్లాట పూలీ?" అని అమ్మను అడిగింది. "గద్దతోని!" అంది అమ్మ, తల తిప్పకుండా. జంపక్క కూడా వచ్చి కూర్చుంది. అప్పట్నుంచి మాకు చప్పట్లు కొట్టే పని ఆమెదే.

మర్నాడు నేను పిలవలేదు. పత్తి చేలో కలుపు తీసి వచ్చి, స్నానం చేసి, తనే అడిగింది, "కేబుల్ ఇంక రాలేదా?" అని. కేబుల్ రాలేదన్న సంగతి ఎంత నిజమో ఆమెకు తెలుసు. నాకూ తెలుసు. "రాలేదు" అన్నాను.

కొన్ని రోజుల్లోనే వేలు కుదురుకుంది. నాన్న డ్యూటీ దిగి వచ్చేసరికి మేం ఒకరి మీద ఒకరం అరుస్తుంటే, గుమ్మం బయటే చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు, తల్లీ కూతుళ్లు కొట్టుకుంటున్నారనుకుని. సంగతి తెలిశాక, "మరి బువ్వ?" అన్నాడు. "వండుకో" అంది అమ్మ. ఆ రోజు నాన్న చేసిన పప్పులో ఉప్పు లేదు, ఎవరమూ గమనించలేదు.

కానీ వంతెన దగ్గర ఆగిపోయాం. గుర్తుందా? మంటల మడుగు మీద చెక్కల వంతెన, కాలు పెట్టగానే చెక్కలు ఊడిపోయేవి. మనిద్దరం ఏనాడూ దాటలేదు. నువ్వు ముందుకు ఉరికేవాడివి, నేను వెనక పడిపోయేదాన్ని. ఇప్పుడు తిరగబడింది. నేను వంతెన ఎక్కాను, అమ్మ గట్టు మీదే నిలబడిపోయింది.

"నువ్వు పోయి రా బిడ్డా. నేను గిక్కడ్నే ఉంట."

"నువ్వు రాకపోతే తెర జరగదు యాడీ. నేను ముందుకు పోలేను."

"పడిపోతవే."

"ఇక్కడ నిలబడ్డా పడిపోతా. చూడు, చెక్క ఊగుతోంది!"

నా ముంగిస మంటల్లో పడింది. అమ్మ రిమోటు కింద పెట్టి "అయ్యో" అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. మళ్లీ మొదటి నుంచి. మళ్లీ వంతెన. మళ్లీ గట్టు మీద అమ్మ. నాకు విసుగొచ్చి గట్టిగానే అన్నాను, "ఆట వద్దు, వార్తలే చూసుకో" అని. అమ్మ లేచి పొయ్యి దగ్గరికి పోయింది. మర్నాడు తనే మళ్లీ రిమోటు అందుకుంది.

దారి కనిపెట్టింది మాత్రం అమ్మే. చెక్క ఊడే ముందు 'టక్' అని చిన్న చప్పుడు వస్తుందట. ఇన్నేళ్లు ఆడి మనం వినలేదు, అన్నా! మనం కళ్లతో ఆడాం. అమ్మ చెవి పెట్టి ఆడింది. ఆ చప్పుడు రాగానే "హా!" అనేది, ఇద్దరం ఒక్కసారే ఎగిరేవాళ్లం. హా, హా, హా అనుకుంటూ ఆ చివర్న గడ్డి మీద దిగాం. జంపక్క ఈల వేసింది. ఆమెకు ఈల వేయడం వచ్చని నాకు ఇప్పటిదాకా తెలియదు.

వంతెన అవతల ఏముందో తెలుసా నీకు? తెలియదు! పెద్ద గుహ, గోడల నిండా నీలం రాళ్లు, జారుడు బండలు, ఆఖరున నాగరాజు కోట. పడగలన్నీ విప్పి బుసకొడుతూ సగం తెర వాడే. మనం సీరియల్‌లో చూసిన నాగరాజు వీడి ముందు వానపాము. ఎదురుగా ఉన్నవాళ్లనే కాటేస్తాడు. కాబట్టి ఒకరు ముందు నిలబడి తప్పించుకుంటూ ఉండాలి, ఇంకొకరు వెనక నుంచి పోయి తోక మీద కొట్టాలి. అమ్మ ప్రతిసారీ తనే ముందుకు పోయేది. తప్పించుకునే ఒడుపు లేక చచ్చిపోయేది. ఆమె పోయాక నేనొక్కదాన్నీ ఏం చేయలేక నేనూ పోయేదాన్ని.

"నన్ను ముందు నిలబడనీ" అన్నాను ఇవాళ మధ్యాహ్నం. నిలబడ్డాను. నాగరాజు పడగ ఎత్తాడు. అంతే, తెర ఆగిపోయింది. అమ్మ ఆపే బటన్ నొక్కేసింది. ఆ బటన్ నీ రిమోటుకే కదా ఉంది, నాదానికి లేదు.

"నువ్వు ముందట ఉంటే నా గుండె దడదడ అంటున్నదే" అంది.

అన్నా, ఇంతసేపూ నీకు రాయకుండా దాచిన మాట ఇక్కడ రాయాలి. అక్కడే అమ్మకూ చెప్పాను. నాకు ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ నౌకరీ వచ్చింది. పరీక్ష రాశాను, నడక పరీక్ష కూడా పాసయ్యాను. ఆ రోజు ఖమ్మంలో స్నేహితురాలి పెళ్లని చెప్పి పోయాను. ఇద్దరు పిల్లలూ యూనిఫారం వేసుకుంటే అమ్మ తట్టుకోలేదని, నీకు చెబితే ఫోన్ దొరికిన రోజు అమ్మతో నోరు జారుతావని, ఎవరికీ చెప్పలేదు. వదులుకుందామని కూడా అనుకున్నాను. నిజంగా అనుకున్నాను.

"యాడీ, నాకు అడవిల నౌకరీ వచ్చింది" అన్నాను, తెర మీద ఆగిపోయిన పడగ వంకే చూస్తూ.

అమ్మ నా వైపు తిరిగింది. "ఏ అడవి?"

"ఇంక తెల్వది. భద్రాచలం దిక్కు ఉండొచ్చు."

"తుపాకి ఇస్తరా?"

"ఇయ్యరు."

"పోడు కొట్టుకునే మనోళ్ల మీదికి పోతవా? వాళ్లు ఊకుంటరా? నీ మీదికి రారా?"

"వస్తరేమో. నేను మనోళ్ల పిల్లనే కదా యాడీ. మన మాటల్నే మాట్లాడ్త. అడవీ ఉండాలె, వాళ్లూ బతకాలె. గది తెలిసినోళ్లు ఒక్కరన్న గా డ్రెస్సుల ఉండద్దా?"

అమ్మ రిమోటు చాప మీద పెట్టి బయటికి వెళ్లిపోయింది. జంపక్క కూడా మెల్లగా లేచి వెళ్లింది. నాగరాజు అలాగే పడగ ఎత్తి ఉన్నాడు, నా పచ్చ ముంగిస అలాగే వాడి కింద నిలబడి ఉంది. నాన్న అంతా విన్నాడు. నా తల మీద చెయ్యి పెట్టి, "డంపర్ నేర్చుకుంటనంటే మా అమ్మ సుత ఏడ్చింది," అని మాత్రం అన్నాడు.

వాన మొదలైంది. అమ్మ దూడను పాకలోకి తోలడం, గడ్డి దులపడం వినిపించాయి. చీకటి పడకముందే కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నా పక్కన కూర్చుంది.

"వాడు ఇంక గట్లనే ఉన్నడా?"

"ఉన్నడు యాడీ."

"నువ్వే ముందట నిలబడు. నేను ఎనుక నుంచి పోత." రిమోటు చేతిలోకి తీసుకుంటూ, "నాకు చెప్పకుంట మాత్రం ఇంకేం చెయ్యకు" అంది. ఆపిన బటన్ తనే మళ్లీ నొక్కింది, ఆట కదిలింది.

అన్నా, నేను తప్పించుకుంటూనే ఉన్నాను. ఎడమకు, కుడికి, పైకి. పడగ నా చెవి పక్క నుంచి పోయింది! అమ్మ ఈసారి నా వంక చూడలేదు. పళ్లు బిగించి తోక దగ్గరికి పోయి కొట్టింది, కొట్టింది, కొడుతూనే ఉంది. ఒక్కో పడగ వాలిపోయింది. ఆఖరు పడగ నేలకు తగలగానే కోటంతా కూలి, ఆ డోలు మోత మళ్లీ మొదలైంది. రెండు ముంగిసలూ ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకుని గంతులేశాయి. మేమూ వేశాం! నాన్న నడుము నొప్పి మర్చిపోయి లేచాడు. జంపక్క వానలో తడుస్తూ పరిగెత్తుకొచ్చి, ఏం జరిగిందో అడక్కుండానే ఈల వేసింది.

ఇదంతా ఇంకా నా చేతుల్లోంచి పోలేదు, అందుకే అక్షరాలు ఇలా గంతులేస్తున్నాయి.

అమ్మ నా పక్కనే కూర్చుని రాయించిన మాట ఇది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "నౌకరీ వదిలిపెట్టు అని చెప్పమన్న. గా మాట ఇడిసిపెట్టు. పైలంగ ఉండు. సెలవు దొరికినప్పుడే రా." అప్పుడు నాతో, "రేపు పొద్దుగాల్నే తయారుగ ఉండు, ఇల్లందు పోదాం" అంది. ఎందుకని అడిగాను. "బూట్లకు. అడవి నేల నాకు తెల్సు, నీకేం తెల్సు? గా పల్చటి చెప్పులేసుకుని పోతవా? దుకాణంల నేనే ఏరుత. మడమ కాడ మందం ఉండాలె, ముల్లు దిగద్దు."

ఇప్పుడు వంటింట్లో నాన్నతో అదే వాదన, నల్లవా, గోధుమ రంగువా అని.

ఇట్లు,
మన తల్లి నుంచి అనుమతి గెలుచుకున్న నీ చెల్లెలు,
భార్గవి