పద్నాలుగో రూముకి, వంటింటి నుంచి

విశాఖపట్నం,
20 జూన్ 1979

నా తల్లి భవానికి,

నీకు సీటొచ్చినాది. హాస్టలు లిస్టు నిన్న బోర్డు మీద అంటించారు. గుడ్డ పట్టుకుని, బోర్డు తుడిసీ వంకతో పైనుంచి కిందకి సదివాను. పద్నాలుగో రూము. తిరిగి తిరిగి మూడుపాలు సూసాను, నీ పేరే. నాతో పాటు వంటసేసీ కాసులమ్మ, "ఏటి సన్యాసమ్మా, ఆ బోర్డుని అరగదీసేత్తన్నావు" అన్నాది. మరక పోడం నేదు అన్నాను.

మీ నాన్న పోయి పదమూడేళ్లు. ఆ యేడే నిన్ను ఎలమంచిలిలో అమ్మమ్మ కాడ ఒగ్గీసి ఈ ఆడపిల్లల హాస్టలు వంటింట్లోకొచ్చాను. అప్పట్నించీ ఏటా వందమంది గుంటలు ట్రంకుపెట్టెల్తో దిగడం సూత్తన్నాను. ఎవర్తి నిలబడతాదో, ఎవర్తి దసరాకెల్లి మరి తిరిగి రాదో, మొదటివారం అన్నం తినీ తీరు బట్టే సెప్పేత్తాను. అందుకని ఇను.

కంచం మీదా గళాసు మీదా పేరు కొట్టించుకో. నేపోతే నెల తిరక్కుండా మాయమైపోతాయి. పెట్టెకి మంచి తాళం కొను. ఈ సముద్రం గాలికి సవక తాళాలు తుప్పట్టీసి, పరీక్షరోజు పెట్టె తెరుసుకోక ఏడిసినోలున్నారు. కిటికీ పక్క మంచం కోసం కొట్లాడకు, వానొస్తే పరుపు తడిసిపోద్ది. కాలేజీలో ఎనక బెంచీ వద్దు. స్కాలరుసిప్పు కాయితం మీద తాసీల్దారు సంతకం ఇప్పుడే ఏయించుకో, తరవాత ఆయన దొరకడు. బెంగొస్తే ఏడు, గాని అన్నం మానీకు. ముందు అన్నం మానీసినోలే తరవాత సదువూ మానీసారు. నాను కల్లారా సూసాను.

ఇంక అసలు సంగతి. ఇక్కడ నాను నీకు ఏటీ కాను. అప్లికేషన్లో సూరన్న మావయ్య పేరున్నాది గదా, అదే ఉంచు. అడిగినోలకి ఎలమంచిలి రైతుల పిల్లనని సెప్పు. అది అబద్ధం కాదు.

ఎందుకంటావు గావాల. కాసులమ్మ కూతురు పోతమ్మ ఆరేళ్ల కితం ఇదే హాస్టల్లో సేరినాది. తెలివైన గుంట. ఒకరోజు పనిమనిసి రానేదని, ఈ ఒక్కపూటకీ కూరలు తరిగీసెల్లమ్మా అన్నారు. ఎవలూ సెడ్డోలు కాదు, నవ్వుతానే అడిగారు. తల్లికి సాయమే గదా అని అదీ కత్తిపీట ముందు కూకున్నాది. తోటి గుంటలు కూడా, లోపలికెల్లి యేణ్నీల్లు పట్టుకు రాయే అనీవోరు. ఆ ఒక్కపూటా ఎప్పటికీ అవ్వనేదు. ఆరు నెలలకి పుస్తకాలు మూట కట్టీసినాది. ఇప్పుడు నా పక్కనే కూకుని పప్పు రుబ్బుతాది. దానికి పాతికేళ్లు నేవు, నడుం పోనాది.

నువ్వు ఈ వంటింటి గడప తొక్కకూడదు. అంతే.

మీ అమ్మ

*

ఎలమంచిలి,
27 జూన్ 1979

ప్రియమైన అమ్మకి,

నీ ఉత్తరం అమ్మమ్మకి చదివి వినిపించాను. తాళం, కంచం, బెంచీ దాకా తలూపుకుంటూ విన్నది. ఆ తర్వాత నేనే ఆపేశాను. అంతేనా అంది. అంతే అన్నాను.

నాకు విసుగొచ్చేసిందమ్మా. కోపం కాదు, విసుగే. చిన్నప్పట్నించీ నువ్వు నాకు ఏడాదికి నాలుగు రోజుల అమ్మవి. బస్సు దిగుతావు, నా జడ విప్పి మళ్లీ వేస్తావు, ఒక పూట పడుకునే ఉంటావు, వెళ్లిపోతావు. ఒక్క కప్పు కింద ఉండే రోజు వస్తుందని నేను బియ్యెస్సీకి అప్లికేషన్ పెట్టాను. లెక్కల మీద ప్రేమతో కాదు. ఇప్పుడు నువ్వు ఆ నాలుగు రోజులు కూడా తీసేసుకుంటానంటున్నావు.

పోతమ్మ సంగతి అర్థమయింది. అయినా, ఎదురుగా నువ్వు నిలబడి వడ్డిస్తుంటే నిన్ను ఏమని పిలవను? నీ పేరు పెట్టి పిలవమంటావా? నా వల్ల కాదు.

మావయ్య వేరే మాట చెప్తున్నాడు. ఉక్కు ఫ్యాక్టరీ వస్తే టైపు వచ్చినవాళ్లని ఆఫీసుల్లోకి తీసుకుంటారంట, ఇక్కడే టైపు నేర్చుకో అంటున్నాడు. నాకూ అదే మేలనిపిస్తోంది. ఒకవేళ రమ్మంటే, నీ కూతురుగా రమ్మను.

నీ భవాని

*

విశాఖపట్నం,
3 జూలై 1979

నా పిచ్చి తల్లికి,

పొద్దున్న నాలుగింటికి లేసినదాన్ని. కాల్లు వాసిపోయి ఉన్నాయి, ఎక్కువ రాయనేను.

టైపు నేర్సుకుంటావు, సరే. ఆ ఫ్యాక్టరీ ఎప్పుడొస్తాదో మీ మావయ్యకి తెలుసునేటి? పోతమ్మ కూడా ఒక యేడు ఆగి మళ్లీ సేరతానన్నాది. పప్పు రుబ్బుతా ఇప్పటికీ అదే అంటాది.

నన్ను పేరెట్టి పిలవక్కర్నేదు. ఏటనీ పిలవకు. వరసలో నిలబడి కంచం సాపు. నాను ఏత్తాను. సాలు అనుకున్నప్పుడు సెయ్యి అడ్డెట్టు. మూడేళ్లు అలా సేత్తే నీ బతుకు వేరే అయిపోద్ది. నాను పదమూడేళ్లు నిలబడ్డాను, నువ్వు మూడేళ్లు నోరు మూసుకోనేవా?

తొమ్మిదో తారీకు సోమారం పాసింజరుకి రా. స్టేషన్ కాడ మద్దిలపాలెం బస్సెక్కు. గేటు కాడ నాకోసం ఎతక్కు. నాను సూత్తానే ఉంటాను.

మీ అమ్మ

*

రూము నంబరు 14,
6 ఆగస్టు 1979

ప్రియమైన అమ్మకి,

ఈ ఉత్తరం మద్దిలపాలెం డబ్బాలో వేస్తున్నాను. ఊరంతా తిరిగి రెండు రోజులకి మళ్లీ మన గేటులోకే వస్తుంది. నా మంచానికీ నీ పొయ్యికీ మధ్య నలభై అడుగులు ఉంటాయేమో. ఈ నెల్లో నాకు నవ్వొచ్చిన సంగతి ఇదొక్కటే.

ముందు ఒక మాట. అన్నం కింద గుడ్డు దాచి పెట్టకు. నిన్న ఆదివారం అందరికీ ఒక్కో గుడ్డు. నా కంచంలో పైన ఒకటి, తవ్వితే ఇంకొకటి. నా రూమ్మేటు భ్రమరాంబ, రాజమండ్రి వైపు అమ్మాయి, చూసేసింది. నీకు రెండెలా వచ్చాయే అని టేబులంతా వినేలా అడిగింది. పొరపాటున పడిందేమో అన్నాను. నువ్వు గరిటె పట్టుకుని అటు తిరిగిపోయావు. నీ భుజాలు చూస్తే నవ్వుతున్నావని తెలిసిపోయింది.

భ్రమరాంబ మంచిదే. నాకు ఇంగ్లీషు నోట్సు ఇస్తుంది. కానీ వంటింట్లో మిమ్మల్ని అది ఒసేయ్ అని పిలుస్తుంటే నాకు ఒళ్లు మండిపోతుంది.

క్లాసులు ఒక్క ముక్క అర్థం కావట్లేదు. అంతా ఇంగ్లీషే. తలూపి వచ్చేస్తున్నాను. ఇంటర్లో ఫస్టు క్లాసు వచ్చినదాన్ని నేనేనా అనిపిస్తోంది. చాలా అలసిపోయాను.

నీ కుడి చేతికి గుడ్డ కట్టుకున్నావు, వారమయింది. ఏమయిందని అడగడానికి కూడా నాకు ఇన్లాండు కవరు కావాలి.

నీ భవాని

*

వంటింట్లోంచి,
11 ఆగస్టు 1979

నా తల్లి భవానికి,

పోస్టుమేను, నీకెవలే ఇన్ని ఉత్తరాలు రాసీది అంటన్నాడు. ఊర్నించి అన్నాను.

సెయ్యి గంజి వార్సినప్పుడు కాలినాది. తగ్గిపోద్ది. గరిటె కొంచెం జారుతాది, అంతే.

గుడ్డు మానీత్తాను. ఆదివారం నీ వరసకి కాసులమ్మని నిలబెడతాను. నాను నిలబడితే నా సెయ్యి నా మాట ఇనదు.

అర్థం కాకపోతే సెయ్యెత్తి అడుగు. పులుసులో ఉప్పు తక్కువైతే ఈ గుంటలు హాలు ఎగిరిపోయేటట్టు అడిగేత్తారు, పాఠం తక్కువైతే ఎందుకడగరో నాకు తెల్దు. అడిగితే నవ్వుతారు. నవ్వనీ. రెండోపాలి అడిగితే తక్కువ నవ్వుతారు. మూడోపాలికి నీ ఎనక ఇంకొకర్తి సెయ్యెత్తుద్ది.

ఎవలెలా పిలిసినా నీకెందుకు? ఆ పిలుపులు ఇని ఇని నా సెవులు మొద్దుబారిపోనాయి. నువ్వు సదువుకో. రాత్రి కూరలో వంకాయ ఒగ్గీసావు, తినాల.

మీ అమ్మ

*

రూము నంబరు 14,
15 నవంబరు 1979

అమ్మా,

ఇదివరకటి ఉత్తరాల్లో ప్రియమైన అని రాసేదాన్ని. ఇవాళ రాయడానికి సిగ్గుగా ఉంది.

మంగళవారం మధ్యాహ్నం జరిగింది నీకు తెలుసు. కానీ నా వైపు నుంచి నీకు తెలీదు కాబట్టి రాస్తున్నాను. నీ చేతిలో గరిటె జారి పులుసు భ్రమరాంబ కొత్త చీర మీద పడింది. అది లేచి, కళ్లు కనపడవా ముసలిదానా అంది. వార్డెనమ్మగారు వచ్చి అందరి ముందూ నీ చేత క్షమాపణ చెప్పించారు. నువ్వు కింద కూర్చుని దాని చెప్పులు తుడిచావు. నేను దాని పక్కనే ఉన్నాను. నువ్వు తల ఎత్తి ఒక్కసారి నా వైపు చూసి, వద్దన్నట్టు కళ్లు ఆర్పావు.

నేను అన్నం తిన్నానమ్మా. ఆపకుండా తిన్నాను. మజ్జిగ కూడా పోసుకున్నాను. నువ్వు అన్నం మానొద్దన్నావు కదా.

అది కాదు నన్ను చంపింది. సాయంత్రం నువ్వు ఆ చీర ఉతికి ఆరబెట్టి మడత పెట్టి మా గదికి తెచ్చావు. భ్రమరాంబ స్నానానికెళ్లింది. తలుపు తీసింది నేను. నడవలో ఇద్దరు అమ్మాయిలు నిలబడి ఉన్నారు. నువ్వు చీర నా చేతుల్లో పెట్టి, "అమ్మాయిగారూ, చీర" అన్నావు. నేను సరే అని తలుపేసుకున్నాను.

సరే అన్నాను. అంత బాగా నేర్పించావు నాకు.

ఇంక నా వల్ల కాదు. సోమవారం ఆఫీసుకెళ్లి టీసీ తీసుకుంటున్నాను. అర్ధ సంవత్సరం పరీక్షకి లెక్కల్లో డెబ్భై రెండొచ్చాయి, చెయ్యెత్తి అడుగుతూనే ఉన్నాను, నీ మాట తప్పలేదు. కానీ ఈ చదువు పూర్తయ్యేసరికి నేను ఎవరినైనా కాళ్ల దగ్గర కూర్చోబెట్టి అన్నం తినగలిగే మనిషినైపోతాను. అలాంటి మనిషిని తయారుచెయ్యడానికేనా నువ్వు పదమూడేళ్లు పొగలో నిలబడ్డావు? ఎలమంచిలి పోయి టైపు నేర్చుకుంటాను.

భవాని

*

వంటింట్లోంచి,
18 నవంబరు 1979, ఆదివారం

నా కన్నతల్లి భవానికి,

నీ ఉత్తరం నిన్న మధ్యాన్నం వచ్చినాది. ఇది పోస్టులో ఎయ్యడం నేదు. రెండు రోజులు పడితే నీ టీసీ సేతికొచ్చేత్తాది. కాసులమ్మ తెచ్చి ఇస్తాది. దానికి నిన్ననే సెప్పీసాను. ఇని, పొయ్యిలో పుల్లలు ఎగదోసినాది. ఆనక, నీ గుంటనైనా బయట ఉంచావు అన్నాది.

మంగళవారం నువ్వు కదలకుండా తింటంటే నాను సూసాను. ముందు నాకు ఒక రకం గర్వం వచ్చినాది. గుంట నిలబడినాది, మరి దీనికి భయం నేదు అనుకున్నాను. వంటింట్లోకెల్లి పొయ్యి ముందు కూకున్నాక ఏడుపొచ్చినాది. అన్నం మాడిపోనాది. ఇన్నేళ్లలో నాను అన్నం మాడ్సడం అదే మొదలు. నాను సెప్పినట్టే సేసావు, నాకే అది సూడ్డానికి ఓపిక నేకపోనాది. అమ్మాయిగారూ అన్నప్పుడు నా నోరు అలవాటుగా తిరిగిపోనాది, నువ్వు నమ్మవు గావాల. మెట్లు దిగాక తెలిసినాది ఏటన్నానో.

నువ్వు వంటింటికి బలైపోకూడదని నోరు కట్టీసాను. నీ నోరూ, నా నోరూ. ఈ అయిదు నెలలూ అదొక్కటే దారి అనుకున్నాను. కాసులమ్మ ఆరోజు పోతమ్మని పంపను అని ఒక్కమాట అనుంటే ఏటయ్యేది? అననేదు. మేం ఎవలం అనం. ఆ అలవాటే మాకు నేదు.

నిన్న సాయంత్రం వార్డెనమ్మగారి గదికెల్లాను. కూకోమన్నారు, కూకోనేదు. "పద్నాలుగో రూము గంగాభవాని నా కూతురండి. అది ఇక్కడ సదువుకోడానికొచ్చినాది. ఒక్కపూట కూడా వంటింట్లోకి పిలవకండి. పిలిసిన రోజున నాను గరిటె కింద ఎట్టీసి ఎల్లిపోతాను" అన్నాను. సిత్రం, ఆవిడ తిట్టనేదు. ఇన్నాల్లూ ఎందుకు సెప్పనేదు అన్నారు. పోతమ్మ సంగతి సెప్పాను.

పిలవం అన్నారు. కాయితం మీద రాయించుకున్నాను, నాకు నోటిమాట సాలదు. గాని ఒకటి అన్నారు. తల్లి కూతురికి వడ్డిత్తే మిగతా గుంటలు ఊరుకోరంట, గుడ్డు సంగతి ఆవిడ దాకా ఎల్లినాది. అందుకని రేపట్నించి నాకు వడ్డన నేదు, లోపల పొయ్యి కాడే పని. హాల్లోకి రాకూడదు. నువ్వు కంచం సాపడం మరి నాకు కనపడదు. ఇది రాత్తంటే కస్టంగానే ఉన్నాది. ఈ నాలుగు నెలలూ రోజుకి రెండుపాలు నిన్ను సూడ్డం నాకు అలవాటైపోనాది. ఎంత తిన్నావో, మొకం ఎలాగున్నాదో అన్నీ ఆ వరసలోనే తెలిసీవి.

టీసీ తీసుకోకు. డెబ్భై రెండు తెచ్చుకున్న గుంటవి టైపు మిషను ముందు కూకుంటానంటావేటి. భ్రమరాంబకి నువ్వే సెప్పు, ఇంకొకలు సెప్పకముందే. దానితో తగువెట్టుకోకు. అది నిన్ను వదిలేత్తే వదిలేత్తాది, నోట్సు ఇంకొకర్తి ఇస్తాది.

రేపు మధ్యాన్నం అందరూ తినీసాక మాకు ఒక గంట తీరిక. అప్పుడు వంటింటి కాడికి రా. గడప బయటే నిలబడు. ఒక్క అడుగు కూడా లోపలికి ఎయ్యకు, ఎవలు రమ్మన్నా ఎయ్యకు. అక్కణ్నించి గట్టిగా అమ్మా అని పిలు. హాల్లో ఎవలున్నా సరే. నాను సెయ్యి తుడుసుకుని బయటికొస్తాను.

మీ అమ్మ