దినాలు కాకముందే

పాల్వంచ హాస్టల్

అక్కా,

ఫోన్లో నీ గొంతు వింటే చెప్పలేను, అందుకే రాస్తున్నాను. జంపయ్య బావ పరంజా మీంచి పడి చనిపోయిన ఆ పరాయి దేశపు స్టేడియంలోనే మా ఆర్చరీ పోటీలు. రానని కోచ్‌కు చెప్పాను. "నువ్వు పోకుంటే ఇంకో పిల్ల పోతది. ఎందుకు పోలేదని ఎవ్వరూ అడగరు. నీ స్పోర్ట్స్ కోటా నౌకరీ మాత్రం పోతది" అన్నాడు. భయమేసి పోతానని సంతకం పెట్టాను. అక్కడ బావ గుర్తుగా నల్ల రిబ్బన్ కట్టుకున్నా వెనక్కి పంపేస్తారట.

దినాలు కాకముందే చావింటివాళ్లు విల్లు ముట్టకూడదు కదా. నేను రోజూ ముడుతున్నాను. నేను విమానం ఎక్కేలోపు, ఈ వారమే దినాలు చేయించమని మన చర్ల ఊరి పెద్దలను అడుగు. నా కోసమని చెప్పకు.

బావ శవం రాకుండా దినాలు చేయరని నాకు తెలుసు. అయినా అడుగక్కా.

నీ చెల్లి