కత్తిరి ఎండలో దీవి గింజలు

పురసవాక్కం, మద్రాసు
14-5-1974

అక్కా, ఓడ దిగి క్షేమంగా చేరానని అమ్మకు చెప్పు. అండమానులో నేను వెళ్ళిన దీవి అడవి కొట్టేస్తున్నారు. ఏ రెండు చెట్ల గుణమూ ఒకటి కాదని, చెట్టుచెట్టు గింజలూ విడివిడిగా తడిగుడ్డల్లో కట్టి తెచ్చాను. ఆరితే చచ్చే రకం. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి, ఇంటామె చెంగమ్మగారు అన్నీ కలిపేసి, బూడిద పట్టించి, విత్తనపు వడ్లలాగా మిద్దెమీద కత్తిరి ఎండలో ఆరబోశారు.

"ఈడ చూడు నాయనా, ఒక్కదానికీ బూజు పట్టనీలా" అన్నారు సంబరంగా. మళ్ళీ వెళ్ళినా అక్కడ చెట్లుండవు.

ఆవకాయ పెట్టారా? నాకు పంపొద్దు, అన్నం సయించడం లేదు. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

మన పెరట్లో వేసుకోమని ఆమె గుప్పెడు గింజలు మూటకట్టి ఇచ్చారు. వేరే పంపుతున్నాను. మొలవవు. మొలిచాయనే ఆమెకు ఒక కార్డు రాయి.

బావగారికి నమస్కారాలు.
తమ్ముడు దామోదరం