రత్న సీటూ, ఊరి వానా

1962, మే 28, సోమవారం

మూడు దరఖాస్తు కవర్లు టపాలో వేశాం. మద్రాసుకు ఒకటి, వాల్తేరుకు ఒకటి, తిరుపతికి ఒకటి. రత్న ఎం.ఏ. సంస్కృతానికి. నా చివరి కూతురు. అనంతపురంలో బి.ఏ. అయింది. ఇంకా చదువుతానంటోంది. సంరక్షకుని సంతకం అన్న చోట నేనే పెట్టాను. ‘నరసప్ప’లో చివరి అక్షరం గీత దాటింది.

“ఏం కాదులే నాయనా. గీత దాటితే సీటు లేదని యాడా రాయల్యా” అని నవ్వింది.

నాకు భయమే.

మే 29

ఊరంతా తెలిసిపోయింది. చెప్పింది మా ఆమె. నేనైతే ఎద్దులకు కూడా చెప్పలేదు.

జూన్ 1, శుక్రవారం

పెద్దిరెడ్డి అరుగు మీద నుంచి పిలిచాడు. ఊరి పెద్ద. తప్పించుకోవడానికి పక్క సందు కూడా లేదు.

“ఏమప్పా నరసప్పా, పాప ఇంగా సదువుతాదంట?”

“ఊ.”

“ఏం సదువు?”

“సంస్కృతం.”

“అది సదివితే ఏమైతాది?”

తెలియదు. ఇంటికొచ్చి రత్నను అడిగాను. “ఇంగా సంస్కృతం సదవొచ్చు నాయనా” అంది. మళ్ళీ పోయి రెడ్డికి అదే చెప్పాను.

“మా వాడు చరిత్ర సదివి బీడీల అంగట్లో కూసున్యాడు. దానికంటే ఇదే మేలప్పా.”

జూన్ 7, గురువారం

టపా ఖాజా తెస్తాడు. కంబదూరు నుంచి, సైకిలు మీద. ఉత్తరం వచ్చిందా అని అడగాలి. ఎట్లా అడగడం... దారి పక్కనే మన చేను. ముళ్ళకంచె సవరిస్తున్నట్టు నిలబడ్డాను.

“ఏం రాలేదు మామా” — నేను నోరు తెరవకముందే చెప్పి పోయాడు.

జూన్ 8

కంచె.

జూన్ 9

కంచె.

జూన్ 11, సోమవారం

ఖాజా సైకిలు దిగాడు. “మామా, కంచె కోటగోడంత అయింది. లోపల కాపాడేదానికి ఏమన్నా ఉండాదా?”

లేదు. ఎర్రమన్ను. చినుకు లేదు, విత్తనం పడలేదు.

జూన్ 14, గురువారం

మద్రాసు నుంచి వచ్చింది. ఇంగ్లీషు. రత్న చదివి చెప్పింది — సీటు ఇవ్వలేకపోతున్నందుకు ఎంతో చింతిస్తున్నారట.

మా ఆమె అంది: “అంత చింతపడేదెందుకు? ఇచ్చేస్తే పోలా?”

రత్న నవ్వింది. సంగటి ముద్ద మాత్రం సగం వదిలింది.

జూన్ 19, మంగళవారం

వాల్తేరు. సీటు ఉందట! ఆడపిల్లల హాస్టల్లో మాత్రం చోటు లేదట. బంధువుల ఇంట్లో ఉండి చదువుకోవచ్చట.

వాల్తేరులో మనవాళ్ళెవరు... ముగ్గురం కూర్చుని ఆలోచించాం. పెళ్ళిళ్ళలో చూసిన మొహాలన్నీ గుర్తు చేసుకున్నాం. ఒక్కరూ ఆ దిక్కు పోయినవాళ్ళు కారు. మా ఆమె పోయి పెద్దిరెడ్డిని కూడా అడిగింది.

“వాల్తేర్లో సముద్రం ఉండాది” అన్నాడట. అంతకు మించి ఆయనకూ తెలియదు.

ఇక తిరుపతి ఒక్కటే.

జూన్ 25, సోమవారం

తిరుపతి కార్డు. సీట్లు నిండిపోయాయి. కానీ వెయిటింగు లిస్టులో రత్న పేరే మొదటిది. చేరినవాళ్ళలో ఎవరైనా మానుకుంటే పిలుస్తారు. పిలిస్తే జూలై 25 సాయంత్రం లోపల పోయి చేరాలి. పోకపోతే ఆ సీటు తర్వాతి పేరుకు.

మా ఆమె ఆంజనేయస్వామి గుడికి పోయింది. నేను వెనక. గట్టిగానే మొక్కుకుంది.

“సామీ, ఆ సేరిన పిల్లోళ్ళలో ఒకరికి గవర్మెంటు ఉద్యోగం రావల్ల. కాలు ఇరగాలని కాదు. జరం రావాలని కాదు. ఉద్యోగమే. మంచి జీతంతో.”

బయటికి వచ్చి చెప్పులు వేసుకుని, మళ్ళీ విడిచి లోపలికి పోయింది.

“ఏం మర్సిపోయినావు?” అన్నాను.

“తిరుపతి అని చెప్పల్యా. సామి మద్రాసులో ఎదుకుతాంటాడేమో.”

జూన్ 29, శుక్రవారం

మృగశిర కార్తె పోయింది, ఆరుద్ర నడుస్తోంది. గాలి తప్ప ఏమీ లేదు. విత్తనం వేరుశనక్కాయలు ప్రతి ఇంట్లో మూటల్లోనే ఉన్నాయి. ఇంకో నెల చూస్తే వాటినే తినాలి.

పెద్దిరెడ్డి మన ఇంటికే వచ్చాడు. వాన రాకపోతే మా ఊళ్ళో గుడి ముందర పురాణం చదివిస్తారు. ఒకరు పద్యం చదవాలి, పక్కన ఇంకొకరు అర్థం చెప్పాలి. ఎప్పుడూ చదివే శాస్త్రిగారు పళ్ళన్నీ పోయి బళ్ళారిలో కొడుకు దగ్గర ఉన్నాడు.

“పాప సదవల్ల” అన్నాడు రెడ్డి.

రత్న వెంటనే సరే అంది. ఊరికే కూర్చుని తిరుపతి వైపు చూడడం కంటే మేలట.

“మరి అర్తం ఎవరు చెప్తారన్నా?” — మా ఆమె.

రెడ్డి నన్ను చూశాడు. నేను ఎద్దుల్ని చూశాను.

“వయసు పిల్ల పక్కన ఇంగో మొగోడు కూసుంటే బాగుండదప్పా. తండ్రివి. నువ్వే.”

వీధిబడి చదువు నాది. పద్యం అర్థమవుతుంది. చెప్పడమే... నలుగురి ముందర నా పేరు చెప్పమన్నా తడబడతాను.

జూలై 1, ఆదివారం

మొదలైంది. స్తంభం వెనక కూర్చున్నాను. రత్న రాగం తీసి పెద్ద పద్యం చదివింది. బాగా చదివింది. ఆగింది. ఊరంతా స్తంభం వైపు తిరిగింది.

“రాజుకు కోపమొచ్చింది” అన్నాను.

ఇంకేమైనా చెబుతానని కాచుకున్నారు. రత్న ఇంకో పద్యం చదివింది. ఇది ఇంకా పొడుగు.

“ఇంగా పోల్యా” అన్నాను.

నవ్వారు. ఎందుకో తెలియలేదు. లేచేటప్పుడు ఎదురింటి సుబ్బక్క గట్టిగానే అంది: “శాస్తుల్లు చెప్తే నిద్రొస్తాండె. నరసప్ప మామ చెప్తే ఇంట్లో పనీ అయితాది, పుణ్యమూ వస్తాది.”

జూలై 2

రాజు అడవికి పోయాడు. వాన లేదు. ఉత్తరం లేదు.

జూలై 5

రాజు అడవిలోనే. వాన లేదు. ఉత్తరం లేదు.

జూలై 9, సోమవారం

ఈ రోజు పురాణం అయ్యాక మా ఆమె అడిగేసింది. “రెడ్డన్నా, తిరుపతి నుంచి పిలుపొస్తే?”

“పురాణం సగంలో ఇడిస్తే వచ్చే వాన మోడం కూడా ఎనిక్కి పోతాదమ్మా. వాన పడేదాకా సదివేవాళ్ళు ఊరు దాటేది లేదు.”

“సీటు పోతాదన్నా.”

“తిరుపతి యాడికీ పోదు. ఇత్తనం పోతాది.”

అందరూ తల ఊపారు. వాళ్ళదీ న్యాయమే, ఎవరి మూట వాళ్ళకు బరువు. రత్న నన్ను చూసింది. నేను ఏదో అనాలి.

లేచి చాప చుట్టుకున్నాను.

జూలై 10

పొద్దున్నే మాట తయారు చేసుకున్నాను. “అన్నా, పిలుపొస్తే పాప పోతాది. మిగిలింది నేను సదువుతా.” కొట్టంలో ఎద్దులకు చెప్పి చూశాను. బాగానే వచ్చింది. రెడ్డి అరుగు దాకా పోయాను.

“ఏమప్పా?”

“ఏం లేదన్నా... ఎండ.”

“ఎండే” అన్నాడు.

తిరిగి వచ్చాను.

జూలై 13, శుక్రవారం

కంచె దగ్గర ఖాజా. “రోజూ లేదు లేదు అని నా నోరు పుండైపాయ మామా. ఆ తిరుపతోళ్ళకు నేనే ఒక కార్డు రాద్దామనుకుంటాండా.” సైకిలు ఎక్కబోయి ఆగాడు. “రాజు యాడున్నాడు ఇప్పుడు?”

“అడివిలో.”

“ఇంగానా?”

జూలై 16, సోమవారం

వాన!

పద్యం మధ్యలో. మొదట మట్టి వాసన, తర్వాత పుస్తకం మీద ఒక చినుకు, ఇంత లావుది. రత్న పుస్తకం మూయబోయింది. “మూయొద్దు పాపా!” అని పెద్దిరెడ్డి పరిగెత్తి గొడుగు తెచ్చాడు. పుస్తకానికి పట్టాడు. ఆయన తడిసి ముద్ద. రత్న చదువుతూనే ఉంది. వాన చప్పుడులో ఒక్క ముక్క వినపడలేదు. అయినా అందరూ నా వైపు తిరిగారు, అర్థం కోసం.

“వాన” అన్నాను.

పద్యంలో అది లేదు. ఎవరూ తప్పు పట్టలేదు.

జూలై 17

తెరపి లేని వాన. ఆడవాళ్ళు వచ్చి రత్న కాళ్ళకు పసుపు పూశారు. సుబ్బక్క దండం కూడా పెట్టింది. రత్న సిగ్గుతో పాదాలు లోపలికి లాక్కుంది. ఆ సిగ్గు నాదే.

పెద్దిరెడ్డి వాకిట్లో నిలబడి ప్రకటించాడు: “ఇంగ ఏటా పాపే సదవల్ల. యాడికీ పంపేది లేదు.”

వాన రాకపోతే పంపడు. వస్తే అసలే పంపడు.

“ఇంత బాగా సదివి ఉండకూడదు నాయనా” అంది రత్న.

జూలై 19, గురువారం

ఊరి ముందరి వంకకు వరద వచ్చింది. కంబదూరు దారిని కోసేసింది. ఎర్రనీళ్ళు, తుమ్మచెట్లు వేళ్ళతో సహా పోతున్నాయి. బస్సు లేదు. టపా లేదు. నా కంచె కూడా లేదు.

వాన ఆగితే బాగుండు... అనుకున్నాను. ఈ ఊళ్ళో పుట్టి ఇట్లా అనుకున్నందుకు ఎవరూ చూడకుండా చెంపలేసుకున్నాను.

జూలై 21, శనివారం

ఆగింది. వంక ఆగలేదు. అందరూ విత్తనాలకు కాయలు ఒలుస్తున్నారు. రత్న కూడా ఒలుస్తోంది. చేతులు ఇక్కడ, చూపు వంక వైపు.

జూలై 22, ఆదివారం

చెప్పేశాను. ఎద్దులకు కాదు. పెద్దిరెడ్డికి, అరుగు మీద, పదిమందిలో.

“అన్నా.”

“ఏమప్పా?”

“పిలుపొస్తే పాప పోతాది.”

అందరూ ఒలవడం ఆపారు.

“వచ్చే ఏడు వాన రాకపోతే?”

“నేను సదువుతా.”

రెడ్డి నవ్వలేదు. “నువ్వు సదివితే పురాణం రెండు మాటల్లో అయిపోతాది. వాన కూడా రెండు సినుకులే పడ్తాది” అన్నాడు.

ఒప్పుకున్నట్టా, కాదన్నట్టా? అడగడానికి నాలో మాటలు మిగల్లేదు.

జూలై 23, సోమవారం

ఖాజా అవతలి గట్టుకు వచ్చాడు. ఒక కవరు ఎత్తి ఊపుతున్నాడు. ఊరంతా ఇవతలి గట్టు మీద. రెడ్డి అరిచాడు, సుబ్బక్క అరిచింది, అందరూ ఒక్కసారే అరిచారు. నీళ్ళ హోరులో ఒక్క మాటా దాటలేదు. విప్పమని చేతులతో చూపించారు. ఖాజా తల అడ్డంగా ఊపాడు. ఒకరి ఉత్తరం ఇంకొకరు విప్పకూడదు — ఇంటివాళ్ళు చెప్పాలి. నన్నే చూస్తున్నాడు. రత్న గొంతు పురాణానికే బొంగురుపోయింది.

ఎద్దుల్ని కూడా గట్టిగా అదిలించినవాణ్ణి కాదు. గట్టు చివరికి పోయాను.

“ఇప్పప్పా ఖాజా! ఇప్పూ!”

ఎక్కడిదో ఆ గొంతు. ఊరు ఉత్తరాన్ని వదిలి నన్ను చూసింది. మా ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఖాజా విన్నాడు. విప్పాడు. కాగితం కళ్ళ దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు. పాపం, వాడికి ఇంగ్లీషులో పేర్లూ ఊర్లూ తప్ప రావు. చివరికి కాగితం మా వైపు తిప్పి, రెండు చేతులతో నెత్తి మీదికి ఎత్తి పట్టుకున్నాడు — చదువుకోండని.

ఇంత వెడల్పు వంక.

రత్న కళ్ళు చికిలించి చూసింది.

“ఏమన్నా కనపడతాందా పాపా?”

“తెల్లగా కనపడతాంది నాయనా.”

పొద్దు వాలేదాకా పట్టుకున్నాడు. చేతులు నొప్పి పుట్టినట్టుంది. మడిచి జేబులో పెట్టుకుని పోయాడు.

జూలై 24, మంగళవారం, పొద్దున్నే

రెడ్డి తెల్లవారకముందే కర్రతో లోతు చూసి వచ్చాడట. నడుము దాకా ఉంది. మోకు తెచ్చి ఈ గట్టున చింతచెట్టుకు కట్టాడు. ఈత వచ్చినవాళ్ళు రెండో కొస అవతలికి తీసుకుపోయారు. ఖాజా అక్కడ పట్టుకుని నిలబడ్డాడు. ఉత్తరం వాడి జేబులోనే — తడుస్తుందని ఇటు పంపలేదు, ఇంటివాళ్ళ కంటే ముందు ఎవరికీ చూపలేదట.

రత్న పెట్టె సర్దుకుంది. రెడ్డే తీసి నెత్తిన పెట్టుకున్నాడు.

“పిలిసినారో లేదో తెలీదు కదన్నా, పెట్టె ఎందుకు?” — మా ఆమె.

“లేదని ఉంటే ఎనిక్కి మోస్తా. ఉండాదని ఉంటే మల్లా వచ్చి పెట్టె తీసుకుపోయే పొద్దు లేదమ్మా. రేపు సాయంత్రానికి సేరల్ల, ధర్మవరంలో రైలు అందల్ల.”

రత్న ముందు. తర్వాత పెట్టె. వెనక నేను.

గట్టు మీద నుంచి పిలుస్తున్నారు. దిగాలి.