సగం విన్న డాక్టర్ కథ

శుక్రవారం రాత్రి, ఫ్రిస్కో

ఈరోజు మా అమ్మాయి అమ్ములు స్కూల్లో వ్యాక్స్ మ్యూజియం. పిల్లలు చరిత్రలోని మనుషుల్లా వేషాలేసుకుని బొమ్మల్లా నిలబడతారు. ముందున్న కాగితం బటన్ నొక్కితే వాళ్ళ కథ చెబుతారు. మా అమ్ములు అమెరికా సివిల్ వార్ కాలపు డాక్టర్, నడుముకి అట్టకత్తి.

అందరికీ ఇంగ్లిష్‌లో చెప్పిన పిల్ల, నేను నొక్కగానే తెలుగులో మొదలుపెట్టింది. "నేను డాక్టర్‌ని. యుద్ధం వచ్చింది. మందుల పెట్టె ఇంట్లో వదిలేసి గుర్రం ఎక్కాను..."

అంతలో ఆఫీస్ కాల్. బయటికెళ్ళాను. వెధవ కాల్, అందులో నేనన్నదల్లా "ఓకే" ఒక్కటే. తిరిగొచ్చేసరికి కుర్చీలు మడిచేస్తున్నారు.

ఆ తెలుగు మాటలు దానికి ఎవరు నేర్పారో కూడా నాకు తెలీదు.

కార్‌లో అడిగాను. "తర్వాత ఆ డాక్టర్ ఇంటికొచ్చాడా తల్లీ?"

"బటన్ తీసేశాను నాన్నా," అంది, కిటికీలోంచి బయటికి చూస్తూ.