హారన్ లేని లారీ

తమ్ముడు బెన్నీకి అక్క దీవెనలు.

"యాభై దాటిన మనిషికి రిమోట్ బొమ్మ లారీ ఏందిరా?" అని ఫోన్‌లో నిన్ను తిట్టాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. దాంట్లో పోసే నైట్రో ఇంధనం ఇంకో డబ్బా పంపు.

చూపు తగ్గిందని సత్తుపల్లి బొగ్గు గనిలో బొగ్గు మోసే డంపర్ మీద నుంచి దింపేసినప్పటి నుంచి మీ బావ గది దాటలేదు. నిన్న నువ్వు పంపిన లారీని వాకిట్లో పెట్టి, స్టార్ట్ చేసే తాడు లాగీ లాగీ చెమటతో తడిసిపోయారు. చివరికి ఇంజన్ నీలం పొగ వదిలి అందుకుంది. ఇక ఉరికిస్తారనుకున్నా. నడక వేగంతోనే తిప్పి, ట్యాంకు అయిపోగానే అది చల్లారేదాకా పక్కనే కూర్చున్నారు.

"జర జల్దీ తోలరాదా?" అన్నాను.

"కొత్త ఇంజన్. ముందుగాల కుదురుకోనియ్యాలె."

ఇన్నేళ్లు డంపర్ నడిపిన మనిషి పనితనాన్ని నేను చూడటం ఇదే మొదలు. గనిలోకి మమ్మల్ని రానివ్వరుగా!

అక్కడ బండి కదిలేముందు హారన్ కొట్టాలట, ముందుకైతే రెండుసార్లు. దీనికి హారన్ లేదు. రెండో ట్యాంకు పోసి, ఆయన నోటితోనే గట్టిగా "పాం, పాం" అన్నారు.

నవ్వబోయి ఆగాను. వాకిలి ఊడుస్తున్నదాన్ని చీపురుతో సహా పక్కకు జరిగి, లారీకి దారిచ్చాను.

నీ అక్క