ఉత్తరం చూసి

9 జులై 1968

మబ్బు పట్టింది, హమ్మయ్య. దీనికోసమే కాచుక్కూచున్నాను. ఆఫీసు డాబా మీద నా అట్టపెట్టె పెట్టాను. గజపతినగరం అవతల కట్టబోయే నేత షెడ్డు అది, చిన్న సైజులో. లోపల తెల్ల రంగు, గోడకి కత్తిరించిన కిటికీలు, నేల మీద ఫొటో స్టూడియో నుంచి అరువు తెచ్చిన లైట్ మీటరు. మబ్బు కింద పెట్టెలోపల ఎంత వెలుతురుందో, బయట ఎంతుందో చూస్తే, రేపు అసలు షెడ్డులో ఎంత వస్తుందో ఇప్పుడే తెలిసిపోతుంది.

కిటికీలన్నీ ఉత్తరం గోడకే పెడితే బ్రహ్మాండంగా ఉంది. వేసవిలో పడే కాస్త ఎండకి చూరు చాలు. మగ్గం మీద ప్రతి పోగూ కనిపిస్తుంది.

మా ఇంజనీరు నరసింగరావు గారు పైకొచ్చి, పిచ్చుకగూడు కడుతున్నావా అన్నారు. వెనకాల గుమాస్తాలు ఇకిలించారు. ఒళ్ళు మండిపోయింది.

11 జులై

ఎండ కాసింది. కిటికీలు పడమరకి తిప్పి చూశాను. సాయంత్రం ఎండ నేరుగా మగ్గాల మీదే పడింది. మీటరు సూది చివరికంటా పోయి కొట్టుకుంది. పడమర వద్దే వద్దని నోట్ పెట్టాను. నరసింగరావు గారు చదవకుండా సంతకం గిలికారు.

20 జులై

పెట్టెని బస్సు టాపు మీద వేసుకుని సైటుకి వెళ్ళాను. ఆ ఊళ్ళో జగ్గమ్మ అనే ఆవిడ ఉంది. భర్త పోయాడు. మగ్గాల మీద పోగులు అతకడం ఆవిడ పని, ఆవిడ తిండి. ఇల్లంతా చీకటి. పోగుని ముక్కుకి ఆనించుకుని చూస్తోంది. ముడులు జారిపోతున్నాయని, ఇలాగే ఉంటే పని మాన్పిస్తానని నేత సొసైటీ సెక్రటరీ అన్నాడట. నా కళ్ళు పోనేదు బాబూ, ఇంట్లో ఎలుగే నేదు అంది.

కొత్త షెడ్డు దాకా ఓపిక పట్టమన్నాను. ఏటి, అందులో సూరీడుంటాడా అని నవ్వింది. సూర్యుడు రాడు, వెలుతురు మాత్రం వస్తుందని చెప్పాను. నమ్మలేదు. అయినా అట్టపెట్టె కిటికీలోంచి చాలాసేపు తొంగి చూసింది.

2 ఆగస్టు

వరద డ్యూటీకి శ్రీకాకుళం పొమ్మన్నారు, రేపే. షెడ్డుకి పునాది అయింది. గోడ లేపేటప్పుడు ఉత్తరం చూసి కిటికీలు పెట్టమని కాంట్రాక్టరు కొండబాబుకి ప్యూన్ చేత కబురు పెట్టాను. కిటికీలు ఇంకా గీయకపోయినా, బ్లూప్రింటు మీద ఉత్తరానికి బాణం గుర్తు ఎలాగూ ఉంది.

19 ఆగస్టు

బురద, దోమలు. ఈ క్యాంపు అన్నం కుక్క కూడా ముట్టదు.

6 అక్టోబరు

ఛీ. ఛీ.

తిరిగొచ్చి తిన్నగా సైటుకే వెళ్ళాను. గోడలు లేచిపోయాయి. ఉత్తరం గోడకి చిన్న కంత కూడా లేదు. కిటికీలన్నీ పడమర, రోడ్డు వైపు. ఇదేమిటయ్యా అంటే, మీరు సెప్పినట్టే ఉత్తరం సూసే పెట్టినాను బాబూ అన్నాడు కొండబాబు. జేబులోంచి ఉత్తరం తీసి నా చేతికిచ్చాడు.

నేను దిక్కు గురించి అన్నాను. వాడు పోస్టు గురించి అనుకున్నాడు! ఉత్తరం వస్తాది, వస్తాది అని పని ఆపుకుని, పోస్టాఫీసుకి మనిషిని తిప్పాడట. చివరికి నరసింగరావు గారి దగ్గరికి పోయి, ఉత్తరం ఇంకా రానేదు బాబూ అన్నాడట. ఆయన అప్పటికప్పుడు రాసిచ్చారు: మంత్రిగారు కారులో వస్తారు కనుక కిటికీలు రోడ్డుకి కనపడునట్లు పెట్టవలెను. మరి బాణం గుర్తు చూడలేదా అన్నాను. వాననీళ్ళు పోయే వాటం అనుకున్నాడట.

కొండబాబుని ఏమనను? పడమర వద్దన్న నోట్ మీద సంతకం పెట్టిన చేత్తోనే ఇదీ రాశారు ఆయన.

7 అక్టోబరు

కిటికీలు మార్పిద్దామని నరసింగరావు గారిని అడిగాను. రోడ్డు మీంచి ఎలివేషన్ బావుంది కదయ్యా అన్నారు, పకోడీలు నములుతూ. నా నోట్ ముందు పెట్టాను. దాంతో చేతి నూనె తుడుచుకున్నారు.

14 డిసెంబరు

ఓపెనింగ్. మంత్రిగారు కారులోంచే కిటికీలు చూసి మెచ్చుకున్నారట. నా అట్టపెట్టెని స్టేజి ఎక్కించారు. లోపల లక్ష్మీదేవి పటం పెట్టి అగరొత్తులు వెలిగించారు. నేను ఎండనీ వెలుతురునీ కొలిచిన కిటికీల్లోంచి పొగ వస్తోంది. నరసింగరావు గారికి దండ. నాకూ ఒకటి వేశారు. సిగ్గులేకుండా మెడ వంచాను. స్నానం చేసినా ఆ బంతిపూల కంపు పోలేదు.

3 ఏప్రిల్ 1969

మధ్యాహ్నం షెడ్డుకి వెళ్ళాను. కిటికీలన్నిటికీ గోనెపట్టాలు కట్టేశారు. ఎండకి పోగు పెళుసెక్కి తెగిపోతోందట. లోపల లాంతర్లు. పట్టపగలు లాంతర్లు!

జగ్గమ్మ కనపడలేదు. పని మాన్పించేశారా అనుకున్నాను. షెడ్డు చుట్టూ తిరిగి చూశాను. ఉత్తరం గోడకి బయట, నీడలో, రెండు గుంజల మధ్య పోగులు కట్టుకుని అతుక్కుంటోంది. ముడులు జారడం లేదట. సెక్రటరీ ఇప్పుడు ఏమీ అనడట.

మీటరు తీసి పక్కన పెట్టాను. ఏటి సెప్తన్నాది అని అడిగింది. బావుందంటోంది అన్నాను. మరి ఇంత మంచి ఎలుగుని గోడకి ఇటుపక్కన ఒగ్గేసినారేటి బాబూ అంది.

మీటరు జేబులో వేసుకున్నాను. వానలు పడేదాకా పరవానేదులే అని తనే అంది.

11 జూన్

పొద్దుటి నుంచి ఒకటే వాన. ఆఫీసులో నా సీటు ఉత్తరం కిటికీ పక్కన. ప్రతి అక్షరం కనిపిస్తోంది.